ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌తో మోల్ లెక్కలు: గ్రాముల నుంచి మోల్స్‌కి, మోల్స్ నుంచి గ్రాములకి

ఇంటర్ ఫస్టియర్‌లో మోల్ కాన్సెప్ట్ అనగానే చాలామందికి టెన్షన్ పట్టుకుంటుంది. నిజానికి అందులో ఉన్న లెక్కంతా ఒక భాగహారం, ఒక గుణకారం. అవి అందరికీ వచ్చు. మరి మార్కులు ఎక్కడ పోతున్నాయి? భాగహారం దాకా రాకముందే పోతున్నాయి. దేని మోల్స్ అడిగారో సరిగ్గా చూడరు. మోలార్ మాస్ కూడేటప్పుడు ఏదో ఒక అణువు వదిలేస్తారు. ఇచ్చింది మిల్లీగ్రాముల్లోనా కిలోల్లోనా అన్నది గమనించరు. అందుకే ఇక్కడ సూత్రం గురించి తక్కువ, దానికి ముందు చేయాల్సిన పని గురించి ఎక్కువ చెబుతాను.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి: పీరియాడిక్ టేబుల్, కాగితం, పెన్ను, మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ ఒకటి. క్యాలిక్యులేటర్ పక్కన పెట్టేయండి. ఈఏపీసెట్‌లోనూ (పాత ఎంసెట్), నీట్‌లోనూ, జేఈఈ మెయిన్‌లోనూ దాన్ని హాల్లోకి రానివ్వరు కాబట్టి చేత్తో చేయడమే అలవాటు కావాలి.

ప్యాకెట్ కొనేటప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడినే అడగండి. అట్టపెట్టెల్లో ఓఆర్‌ఎస్ పేరు తగిలించి అమ్మిన తీపి పానీయాలు మన లెక్కకు పనికిరావు, ఆ మాటకొస్తే విరేచనాలకూ పనికిరావు. అలాంటి వాటి మీద ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. దాని కోసం ఏళ్ల తరబడి పోరాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్.

అసలు మోల్స్ ఎందుకు?

ప్యాకెట్ వెనక్కి తిప్పండి. ఒక లీటరు నీళ్లకు సరిపడే పొడిలో ఏమేం ఉన్నాయో గ్రాముల్లో ఉంటుంది: సోడియం క్లోరైడ్ 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ 2.9, గ్లూకోజ్ 13.5. మొత్తం 20.5 గ్రాములు. (మీ చేతిలో ఉన్నది 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్ అయితే అన్నీ ఇందులో అయిదో వంతు ఉంటాయి.) చాలా ప్యాకెట్ల మీద పక్కనే ఇంకో జాబితా ఉంటుంది. అది మిల్లీమోల్స్‌లో (మోల్‌లో వెయ్యో వంతు ఒక మిల్లీమోల్): సోడియం 75, క్లోరైడ్ 65, గ్లూకోజ్ 75, పొటాషియం 20, సిట్రేట్ 10. అన్నీ కలిపితే 245.

గ్రాముల జాబితా చూస్తే గ్లూకోజ్ ముందు ఉప్పు ఏ మూలకీ కనిపించదు. బరువులో అయిదు రెట్ల తేడా. రెండో జాబితాలో మాత్రం సోడియం, గ్లూకోజ్ సరిసమానం, 75కి 75. ఇది యాదృచ్ఛికం కాదు. మన చిన్నపేగు సోడియాన్నీ గ్లూకోజ్‌నీ జతగా లోపలికి లాక్కుంటుంది, వాటి వెంట నీళ్లు వెళ్తాయి. పేగుకి బరువుతో పనిలేదు, ఎన్ని ఉన్నాయన్నదే లెక్క. ఆ ‘ఎన్ని’ అన్నది గ్రాముల్లో దాక్కుంటుంది, మోల్స్‌లో బయటపడుతుంది.

హార్డ్‌వేర్ షాపులో మేకులు లెక్కపెట్టి ఇవ్వరు, తూకం వేసి ఇస్తారు. ఒక్కో మేకు బరువు తెలిస్తే కిలోకి ఎన్ని వచ్చాయో మనమే చెప్పేయొచ్చు. ఇక్కడ చేసేదీ అదే. కాకపోతే అణువులు మరీ చిన్నవి కాబట్టి ఒక్కొక్కటిగా కాకుండా 6.022 × 10²³ అణువులను ఒక కట్టగా పెట్టుకున్నాం. ఆ కట్ట పేరే మోల్. పాత పుస్తకాల్లో దీన్ని 12 గ్రాముల కార్బన్-12తో ముడిపెట్టి చెప్పేవారు. 2019 మే 20 నుంచి 6.02214076 × 10²³ అన్న అంకెనే నిర్వచనంగా ఖాయం చేశారు. మీ లెక్కల్లో దీనివల్ల తేడా ఏమీ రాదు.

మొదటి మెట్టు: మోలార్ మాస్

ఒక మోల్ పదార్థం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే మోలార్ మాస్. పీరియాడిక్ టేబుల్‌లో ఉన్న పరమాణు భారాలను ఫార్ములా ప్రకారం కూడడమే. పరీక్షలకు హైడ్రోజన్ 1, కార్బన్ 12, నైట్రోజన్ 14, ఆక్సిజన్ 16, సోడియం 23, సల్ఫర్ 32, క్లోరిన్ 35.5, పొటాషియం 39, కాల్షియం 40, ఐరన్ 56 అనుకుంటే చాలు.

మన ప్యాకెట్‌లో ఉన్నవే తీసుకుందాం. సోడియం క్లోరైడ్: 23 + 35.5 = 58.5. పొటాషియం క్లోరైడ్: 39 + 35.5 = 74.5. గ్లూకోజ్‌లో కార్బన్లు ఆరు, హైడ్రోజన్లు పన్నెండు, ఆక్సిజన్లు ఆరు: 72 + 12 + 96 = 180.

సిట్రేట్ దగ్గర కాస్త ఆగండి. ట్రైసోడియం సిట్రేట్‌లో సోడియాలు మూడు (69), కార్బన్లు ఆరు (72), హైడ్రోజన్లు అయిదు (5), ఆక్సిజన్లు ఏడు (112). మొత్తం 258. ఇక్కడితో ఆపేస్తే లెక్క తప్పుతుంది. పేరు చివర ‘డైహైడ్రేట్’ అని ఉంది కదా, అంటే ప్రతి సిట్రేట్‌తో పాటు రెండు నీటి అణువులు స్ఫటికంలోనే కూర్చుని ఉన్నాయి. పొడి చూస్తే పొడిగానే ఉంటుంది, తడి తగలదు. అయినా తూకంలో ఆ నీళ్ల బరువు పడుతుంది. అందుకని 2 × 18 = 36 కలపాలి: 258 + 36 = 294.

ఎక్కువమంది బోల్తా పడేది ఇలా స్ఫటిక జలం దగ్గరే. మైలతుత్తం అయిదు నీళ్లతో, ల్యాబ్‌లో వాడే ఆక్జాలిక్ ఆసిడ్ రెండు నీళ్లతో వస్తాయి. సీసా లేబుల్ మీద మోలార్ మాస్ రాసే ఉంటుంది. మీరు కూడినది దానితో కలవకపోతే ముందుగా నీళ్లనే అనుమానించండి.

రెండో తిరకాసు వాయువులది. ‘ఒక మోల్ ఆక్సిజన్ వాయువు’ అంటే 32 గ్రాములు, ఎందుకంటే గాలిలో ఆక్సిజన్ జంటగా తిరుగుతుంది. ‘ఒక మోల్ ఆక్సిజన్ పరమాణువులు’ అంటే 16. ప్రశ్నలో వాయువు అన్నారా, పరమాణువులు అన్నారా అన్నది గీత గీసి పెట్టుకోండి. హైడ్రోజన్, నైట్రోజన్, క్లోరిన్ కూడా ఈ జంటల బాపతే.

ఫార్ములాలో బ్రాకెట్ ఉంటే, బయట ఉన్న అంకె లోపలి ప్రతి పరమాణువుకీ వర్తిస్తుంది. కాల్షియం హైడ్రాక్సైడ్‌లో బ్రాకెట్ బయట 2 ఉంది కాబట్టి ఆక్సిజన్లూ రెండే, హైడ్రోజన్లూ రెండే: 40 + 32 + 2 = 74. దీనికింతకన్నా చెప్పాల్సింది లేదు.

రెండో మెట్టు: గ్రాముల నుంచి మోల్స్‌కి

మోల్స్ = గ్రాములు ÷ మోలార్ మాస్.

సూత్రాన్ని త్రిభుజంలో పెట్టి, మూల మీద వేలు మూసి గుర్తుపెట్టుకునే పద్ధతి ఒకటి కోచింగుల్లో నేర్పుతారు. నాకది నచ్చదు. టెన్షన్‌లో ఏ మూల ఏముందో మర్చిపోతే ఇక దిక్కుండదు. దాని బదులు ప్రతి లెక్క మొదట్లో ఒక్క వాక్యం రాయండి: ‘1 మోల్ గ్లూకోజ్ = 180 గ్రాములు’. ఇచ్చింది 13.5 గ్రాములు. 180కి ఒక మోల్ అయితే 13.5కి ఎంత? భాగించాలని మీకే తెలుస్తుంది. గ్రాములు గ్రాములతో కొట్టుకుపోయి మోల్స్ మిగులుతాయి.

13.5 ÷ 180 అంటే 135 ÷ 1800. పైనా కిందా 45తో కొట్టేస్తే 3 ÷ 40 = 0.075 మోల్స్. వెయ్యితో గుణిస్తే 75 మిల్లీమోల్స్. ప్యాకెట్ మీద ఉన్నదీ అదే.

పొటాషియం క్లోరైడ్: 1.5 ÷ 74.5. ఆప్షన్లు దూరదూరంగా ఉంటే 74.5ని 75 అనుకోండి, 0.02 వచ్చేస్తుంది. 20 మిల్లీమోల్స్, ఇదీ కలిసింది.

సోడియం క్లోరైడ్: 2.6 ÷ 58.5 = 0.0444. అంటే 44.4 మిల్లీమోల్స్. కానీ ప్యాకెట్ మీద సోడియం 75 అని ఉందే? లెక్క తప్పలేదు, మిగతా సోడియం సిట్రేట్ నుంచి వస్తోంది. 2.9 ÷ 294 = 0.00986, అంటే దాదాపు 9.9 మిల్లీమోల్స్ సిట్రేట్. ఒక్కో సిట్రేట్‌కి మూడు సోడియాలు కాబట్టి 29.6 మిల్లీమోల్స్ సోడియం. 44.4 + 29.6 = 74. ప్యాకెట్ మీద దీన్ని 75గా వేశారు. క్లోరైడ్ కూడా ఇలాగే రెండు చోట్ల నుంచి వస్తుంది: ఉప్పు నుంచి 44.4, పొటాషియం క్లోరైడ్ నుంచి 20.1, మొత్తం 64.5. అదే 65.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పదార్థం మోల్స్ వేరు, దానిలోని పరమాణువుల మోల్స్ వేరు. ముందు పదార్థం మోల్స్ కట్టి, తర్వాతే ఫార్ములాలోని అంకెతో గుణించాలి. ‘4.9 గ్రాముల సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో ఆక్సిజన్ పరమాణువులు ఎన్ని మోల్స్?’ అని అడిగితే 4.9ని తిన్నగా 16తో భాగించేసే వాళ్లున్నారు. ఆసిడ్ మోలార్ మాస్ 98, కాబట్టి ఆసిడ్ 0.05 మోల్స్. ఒక్కో అణువులో ఆక్సిజన్లు నాలుగు, కాబట్టి 0.2 మోల్స్.

అణువుల సంఖ్యే కావాలంటే మోల్స్‌ని 6.022 × 10²³తో గుణించండి. లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ అణువులు 0.075 × 6.022 × 10²³, అంటే సుమారు 4.5 × 10²². గ్రాముల నుంచి అణువుల సంఖ్యకి అడ్డదారి లేదు, మోల్స్ మీదుగానే వెళ్లాలి.

యూనిట్ల విషయంలో చిన్న చిట్కా. మిల్లీగ్రాములను మోలార్ మాస్‌తో భాగిస్తే నేరుగా మిల్లీమోల్స్ వస్తాయి. కిలోలను భాగిస్తే కిలోమోల్స్ వస్తాయి. 45 కిలోల యూరియా బస్తా ఉంది, యూరియా మోలార్ మాస్ 60. 45 ÷ 60 = 0.75 కిలోమోల్స్, అంటే 750 మోల్స్. ఒక్కో యూరియా అణువులో నైట్రోజన్లు రెండు. కాబట్టి నైట్రోజన్ 1500 మోల్స్, 1500 × 14 = 21,000 గ్రాములు, అంటే 21 కిలోలు. బస్తా మీద 46 శాతం నైట్రోజన్ అని ఉండేది అందుకే.

మూడో మెట్టు: మోల్స్ నుంచి గ్రాములకి

గ్రాములు = మోల్స్ × మోలార్ మాస్. దీంతో అసలు పని పడేది ల్యాబ్‌లో.

ప్రాక్టికల్స్‌లో 0.05 మోలార్ మోర్ లవణం ద్రావణం 250 మిల్లీలీటర్లు చేయమన్నారనుకోండి. ఎంత తూచాలి? 0.05 మోలార్ అంటే లీటరుకి 0.05 మోల్స్. మనకు కావలసింది పావు లీటరు, కాబట్టి 0.0125 మోల్స్.

ఇప్పుడు మోలార్ మాస్. మోర్ లవణం అంటే ఒక ఫెర్రస్ సల్ఫేట్, ఒక అమ్మోనియం సల్ఫేట్, ఆరు నీళ్లు. హడావిడిగా కూడితే ఏదో ఒకటి జారిపోతుంది కాబట్టి మూలకాల వారీగా రాయండి. ఐరన్ ఒకటి: 56. సల్ఫర్ రెండు: 64. నైట్రోజన్ రెండు: 28. ఆక్సిజన్లు రెండు సల్ఫేట్‌లలో ఎనిమిది, నీళ్లలో ఆరు, మొత్తం పద్నాలుగు: 224. హైడ్రోజన్లు అమ్మోనియంలలో ఎనిమిది, నీళ్లలో పన్నెండు, మొత్తం ఇరవై: 20. అన్నీ కలిపితే 392.

0.0125 × 392 = 4.9 గ్రాములు. (0.0125 అంటే ఎనభయ్యో వంతు, 392ని 80తో భాగించినా సరే.)

లేత ఆకుపచ్చ స్ఫటికాలను వాచ్ గ్లాస్‌లో తూచి, గరాటు మీదుగా 250 మిల్లీలీటర్ల స్టాండర్డ్ ఫ్లాస్క్‌లోకి దించండి. వాచ్ గ్లాస్‌కి అంటుకున్న నాలుగు రవ్వల్ని కూడా డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి అందులోకే పోయాలి. కష్టపడి కట్టిన 0.0125 మోల్స్‌లో అవీ భాగమే. ఫెర్రస్ లవణం నీళ్లలో విడిపోయి ద్రావణం మసకబారకుండా కొద్దిగా పలుచని సల్ఫ్యూరిక్ ఆసిడ్ చేర్చి కరిగించండి. తర్వాత నీళ్లు మెడ మీద గీత దాకా పోయాలి. కన్ను గీతకి సమాన ఎత్తులో పెట్టి, నీటి వంపు అడుగు భాగం గీతను తాకేలా చూడండి.

ఆరు నీళ్లను మరిచిపోయి మోలార్ మాస్ 284 అనుకుంటే ఏమవుతుంది? 3.55 గ్రాములే తూస్తారు. ద్రావణం 0.05 కాక 0.036 మోలార్ దగ్గర ఆగుతుంది. ఆ తర్వాత ఈ ద్రావణంతో పర్మాంగనేట్ గాఢత కనుక్కునేటప్పుడు బ్యూరెట్ ఎంత జాగ్రత్తగా పట్టినా, గులాబీ రంగు ఎంత కచ్చితంగా కనిపెట్టినా రీడింగ్ తప్పే వస్తుంది.

నాలుగో మెట్టు: చర్యల్లో మోల్స్

సమీకరణంలో ముందున్న అంకెలు మోల్స్‌ని చెబుతాయి, గ్రాముల్ని కాదు. అందుకే వరస ఎప్పుడూ ఒకటే: ఇచ్చిన గ్రాములు, దాని మోల్స్, సమీకరణం ప్రకారం రెండోదాని మోల్స్, చివరికి దాని గ్రాములు. మధ్యలో ఏదీ దాటేయకండి.

పల్నాడులో పిడుగురాళ్ల వైపు వెళ్లినవాళ్లకు సున్నం బట్టీలు తెలిసే ఉంటాయి. సున్నపురాయిలో ఉండేది కాల్షియం కార్బొనేట్, మోలార్ మాస్ 100. కాలిస్తే ఒక మోల్ రాయి నుంచి ఒక మోల్ పొడిసున్నం (56), ఒక మోల్ కార్బన్ డయాక్సైడ్ (44) వస్తాయి. 250 గ్రాముల శుద్ధమైన రాయి అంటే 2.5 మోల్స్. సున్నం కూడా 2.5 మోల్స్, అంటే 140 గ్రాములు. మిగతా 110 గ్రాములు గాలిలోకి పోయింది. ఒక టన్ను అయినా పద్ధతి మారదు: 10 కిలోమోల్స్, 560 కిలోల సున్నం. బట్టీలోకి ఎక్కించిన దానిలో సగానికి కాస్త ఎక్కువే బయటికి వస్తుంది.

అక్కడ అన్నీ ఒకటికొకటి కాబట్టి సులువు. మెగ్నీషియం తీగ మండినప్పుడు అలా ఉండదు. రెండు మోల్స్ మెగ్నీషియంకి ఒక మోల్ ఆక్సిజన్ వాయువు కావాలి. 6 గ్రాముల మెగ్నీషియం (మోలార్ మాస్ 24) అంటే 0.25 మోల్స్. ఆక్సిజన్ అందులో సగం, 0.125 మోల్స్. గ్రాముల్లో 0.125 × 32 = 4. వచ్చే ఆక్సైడ్ 0.25 మోల్స్, 0.25 × 40 = 10 గ్రాములు. 6 + 4 = 10, బరువు సరిపోయింది. టైం ఉంటే ఈ చివరి కూడిక తప్పకుండా చేయండి, తప్పు ఉంటే ఇక్కడే దొరికిపోతుంది.

ఇంకో తనిఖీకి రెండు సెకన్లు చాలు. ఇచ్చిన బరువు మోలార్ మాస్ కన్నా తక్కువైతే జవాబు ఒకటి కన్నా తక్కువ ఉండాలి. 9 గ్రాముల నీళ్లకు 162 మోల్స్ అని వచ్చిందంటే, భాగించాల్సిన చోట గుణించారు.

మీరే చేసి చూడండి

ఒకటి. పైన చూసిన ఓఆర్‌ఎస్ ఫార్ములా 2002 నాటిది. అంతకుముందు వాడిన దానిలో గ్లూకోజ్ 20 గ్రాములు, ఉప్పు 3.5 గ్రాములు ఉండేవి. పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ ఇప్పటిలాగే 1.5, 2.9. లీటరుకి అన్నీ కలిపి ఎన్ని మిల్లీమోల్స్?

జవాబు: గ్లూకోజ్ 111, సోడియం 90, క్లోరైడ్ 80, పొటాషియం 20, సిట్రేట్ 10. మొత్తం 311. దాన్ని 245కి తగ్గించారు.

రెండు. ప్యాకెట్ దొరకనప్పుడు ఇంట్లో లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలపమంటారు. స్పూన్లు తలకొట్టి కొలిస్తే ఆరింటికి పంచదార దాదాపు 25 గ్రాములు వస్తుంది. పంచదార మోలార్ మాస్ 342. పేగులో ఒక్కో పంచదార అణువు విరిగి ఒక గ్లూకోజ్‌ని ఇస్తుంది. గ్లూకోజ్ ఎన్ని మిల్లీమోల్స్?

జవాబు: 25 ÷ 342 = 0.073, అంటే 73 మిల్లీమోల్స్. ప్యాకెట్‌లోని 75కి ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. ఉప్పు 3 గ్రాములు అనుకుంటే సోడియం 51 వస్తుంది, పొటాషియం మాత్రం లేనే లేదు. అందుకే షాపు దగ్గర్లో ఉంటే ప్యాకెట్ తెచ్చుకోవడమే మంచిది.